సెకనుకు తొమ్మిది చుట్లు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట తర్వాతి స్టేషనే. ఇటు మైత్రీవనం చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. అటు నిమ్స్ ఆసుపత్రి. ఊళ్లో ట్రాక్టర్ కొన్న ఇళ్ల పిల్లలు సాఫ్ట్‌వేర్ కోర్సులకని ఇటు దిగుతారు. ఆ ట్రాక్టర్ల వెనక చేతులో కాళ్లో నలిగినవాళ్లను ఆంబులెన్సులు అటు తెస్తాయి. నిమ్స్ పుట్టిందే ఎముకల ఆసుపత్రిగా. 1960లలో నిజాం పేరు మీద ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై, తర్వాతే ఇంత పెద్ద సంస్థ అయింది.

ఈ మధ్య పంజాగుట్టలో ఒక టీ కొట్టు దగ్గర సిద్దిపేట దిక్కు మనిషి కలిశాడు. నలభై దాటి ఉంటాయి. ఎడమ మోకాలి కింద ప్యాంటు మడిచి పిన్ను పెట్టుకున్నాడు. కృత్రిమ కాలు కొలతకని వచ్చాడట. కిరాయి ట్రాక్టర్ మీద డ్రైవరు. దమ్ము చేస్తుంటే రోటవేటర్ బ్లేడ్లకు గడ్డి చుట్టుకుంది. లాగేద్దామని దిగాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది, షాఫ్ట్ తిరుగుతూనే ఉంది. అది లుంగీ అంచును అందుకుంది.

ఇంజన్ ఎందుకు ఆపలేదని అడిగాను. "బ్యాటరీ డౌన్ ఉండె సారూ. బందు చేస్తే మళ్ల సెల్ఫ్ పడదు. పొలంల తొయ్యనీకె నలుగురు యాడ దొరుకుతరు?" అన్నాడు. అజాగ్రత్తగా ఉన్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొన్ని వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించాల్సింది యజమాని. గంట లెక్కన కిరాయి కట్టే చోట, ఇంజన్ ఆపిన ప్రతి నిమిషమూ నష్టమేనని డ్రైవరుకు నూరిపోసిందీ యజమానే.

ట్రాక్టర్ వెనక ఇంజన్ శక్తి బయటికొచ్చే పీటీవో నుంచి పనిముట్టుకు శక్తిని మోసుకెళ్లే ఆ షాఫ్ట్ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. ఏడు సెంటీమీటర్ల మందం ఉన్న కడ్డీ అనుకుంటే, సెకనుకు దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టేసుకుంటుంది. భుజం మీది తువ్వాలకు ఒక్క సెకను చాలు. అయిదున్నర మీటర్ల చీరకు మూడు సెకన్లు కూడా పట్టదు. చుట్టుకుందని తెలిసి, చెయ్యి వెనక్కి లాగాలని మెదడు చెప్పేలోపే రెండు మూడు చుట్లు అయిపోతాయి. ఎంత బలమున్న మనిషైనా దాన్ని గెలవలేడు.

దీనికి మందు షాఫ్ట్ కవరు. కంపెనీవాళ్లు షాఫ్ట్‌తో పాటే ఇస్తారు. షాఫ్ట్ చుట్టూ ఒకదానిలో ఒకటి జారే రెండు ప్లాస్టిక్ గొట్టాలు, అవి తిరక్కుండా కట్టే చిన్న గొలుసులు. లోపల ఇనుము తిరుగుతున్నా పైన గొట్టం కదలదు. గుడ్డ తగిలినా పట్టుకోదు. మరి ఊళ్లలో చూడండి, పది షాఫ్టుల్లో ఎన్నింటికి ఆ గొట్టం మిగిలింది? జాయింటుకు గ్రీసు పెట్టడానికి అడ్డమని ఒకరు పీకేస్తారు. మలుపులో పనిముట్టును మరీ పైకెత్తినప్పుడు ఒకరిది పగులుతుంది. పగిలినదాన్ని మళ్లీ వేయించాలన్న ఆలోచన రాదు. పైగా లాక్ పిన్ను పోయిన చోట బయటికి పొడుచుకొచ్చే బోల్టు బిగిస్తారు. గుడ్డను ముందుగా పట్టేది అదే.

ఇప్పుడు పత్తి కట్టెను నరకడానికి, అశ్వారావుపేట వైపు ఆయిల్ పామ్ తోటల్లో కలుపు కొట్టడానికి రోటరీ కట్టర్లు వస్తున్నాయి. స్లాషర్ అన్నా అదే. పత్తి కట్టెను తగలబెట్టే బదులు ముక్కలు చేసి మట్టిలో కలపడం మంచి పని, నాకు ఇష్టమైన పని కూడా. కానీ రోటవేటర్‌తో వచ్చిన అలవాట్లతోనే దీని దగ్గరికి వెళితే ప్రాణాలు పోతాయి. అయిదడుగుల కట్టర్‌లో బ్లేడు కొస వేగం గంటకు 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గట్టు పక్క రాయి, పాత తీగ ముక్క, సీసా పెంకు దానికి తగిలితే తూటాలా మూడు వందల అడుగులు ఎగరగలవు. ముందూ వెనకా వేలాడే గొలుసుల తెరలు అందుకే. పని మొదలెట్టే ముందు చేను ఒకసారి కాలినడకన తిరిగి రావాలి. పీటీవో ఆపిన తర్వాత కూడా బరువైన ఆ బ్లేడ్లు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా ఆగి, తాళం చెవి జేబులోకి వచ్చేదాకా సీటు దిగి వెనక్కి వెళ్లకూడదు. హైడ్రాలిక్ మీద నిలబడ్డ కట్టర్ కిందకి, దుంగలు ఆనించకుండా, తల పెట్టనే కూడదు.

ఇంకొకటి, ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతుంది. ముద్దు చేసి మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకున్న పిల్లలు కుదుపుకి జారి రోటవేటర్‌లో పడ్డ వార్తలు సీజన్ సీజన్‌కీ చదువుతున్నాం. ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే. ఏ తండ్రీ దీన్ని మరవకూడదు.

ప్రభుత్వాల మీద నా ఫిర్యాదు సూటిగా చెబుతాను. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతుంటే పార్లమెంటు 1983లోనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. రోటవేటర్లకు రాయితీలిచ్చే కేంద్ర పథకం 2014-15 నుంచి ఉంది. యంత్రాలను పరీక్షించి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. ఇన్ని ఉన్నా రాయితీ డబ్బు విడుదల చేసే రోజున షాఫ్ట్ కవరు ఉందో లేదో వంగి చూసే మనిషి లేకపోతే ఎలా? కవరు లేనిదానికి రాయితీ ఆపాలి. డీలరు దగ్గర విడి కవర్లు తప్పనిసరిగా దొరకాలి. ఇక తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి అమలవుతున్న రైతు బీమా, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలిస్తుంది. మంచి పథకమే. కానీ టీ కొట్టు దగ్గర కలిసిన మనిషికి పట్టా లేదు, ప్రాణం పోలేదు, కాలే పోయింది. ఆయనకు అందులో ఏమీ రాదు. ట్రాక్టర్ డ్రైవర్లకు అంగవైకల్యానికీ వర్తించే బీమా కావాలి.

అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్న పిల్లలూ, ఒక మాట. మీ ఫీజు కట్టిన డబ్బు ఆ ట్రాక్టర్ తిరిగితేనే వచ్చింది. కవరు ఖరీదు మీ ఒక నెల మెస్ బిల్లు కంటే ఎక్కువేం కాదు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, నాన్నను గానీ మీ డ్రైవరన్నను గానీ రెండు సంగతులు అడగండి: షాఫ్ట్ మీద కవరు ఉందా? బ్యాటరీ బాగుందా? లేదంటే పండక్కి ఊరెళ్లేటప్పుడు మీరే కొని పట్టుకెళ్లండి.