మన ఊళ్లు కదల్లేదు, మన సీటే కదిలింది



2024 మే 12 రాత్రి సికింద్రాబాద్ స్టేషన్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లారితే తెలంగాణలో, ఆంధ్రలో ఒకే రోజు పోలింగ్. మణుగూరు వెళ్లే రైలు జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు లేదు. హాస్టల్ పిల్లలు, అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే అన్నలు, నర్సింగ్ చదివే అక్కలు, అందరూ ఓటు కోసం ఊరికి బయల్దేరినవాళ్లే. నా పక్కన చర్ల మండలం ఫ్రెండ్ కూర్చున్నాడు. నాది చింతూరు వైపు. ఇద్దరం కోయలమే. ఒకే రైలు, భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా. అక్కడ దిగి ఒకే బస్సు, భద్రాచలం దాకా. ఆ తర్వాత వాడు గోదావరి వెంట ఎగువకి, నేను శబరి వైపు. వాడి ఓటు మహబూబాబాద్ ఎంపీకి, నా ఓటు అరకు ఎంపీకి.

2004లో మా ఇద్దరి అమ్మానాన్నలు ఒకే ఎంపీ సీటుకి ఓటేశారు. దాని పేరు భద్రాచలం ఎస్టీ లోక్‌సభ నియోజకవర్గం. ఆ పేరు ఇప్పుడు రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉంది, లోక్‌సభ జాబితాలో లేదు. మనం రైలెక్కే సికింద్రాబాద్ మాత్రం 1957 నుంచి ఇప్పటిదాకా పార్లమెంటు సీటుగా అలాగే ఉంది. దాని హద్దులు మారాయి, పేరు పోలేదు. మన సీటు ఎలా వచ్చింది, ఎలా పోయింది, అది మనకెందుకు? కాస్త ఓపిగ్గా చదవండి.

భద్రాచలం సీటుకి 1967 నుంచి 2004 దాకా 11 ఎన్నికలు జరిగాయి. మొదటి నాలుగుసార్లు, అంటే 1967, 71, 77, 80లో, కాంగ్రెస్ నుంచి బి. రాధాబాయి ఆనందరావు గెలిచారు. 1984లో సీపీఐ నుంచి సోడె రామయ్య. 1989, 91లో మళ్లీ కాంగ్రెస్, ఈసారి కర్రెద్దుల కమలకుమారి. 1996, 98లో మళ్లీ సోడె రామయ్య. 1999లో తెలుగుదేశం నుంచి దుంప మేరీ విజయకుమారి. 2004లో సీపీఎం నుంచి మిడియం బాబూరావు. ఆయనే చివరి భద్రాచలం ఎంపీ.

ఇప్పుడు లెక్క చూడండి. 11 ఎన్నికల్లో 7 సార్లు గెలిచింది ఆడవాళ్లు. మహిళా రిజర్వేషన్ అనే మాట పార్లమెంటులో బిల్లుగా రాకముందే, ఏ కోటా లేకుండా, ఏజెన్సీ సీటు ఆడబిడ్డల్ని ఢిల్లీకి పంపింది. "వెనకబడిన ప్రాంతం" అని మనల్ని అనేవాళ్లు తమ జిల్లాలో ఈ లెక్క చూపించగలరా? మన పిల్లల పాఠాల్లో ఇది ఎక్కడైనా ఉందా?

అలాగని పాతదంతా బంగారం అని నేను అనను. 1984లో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి, సీపీఐ దాంతో పొత్తులో ఉంది. 1996, 98లోనూ వాళ్లిద్దరూ కలిసే ఉన్నారు. 1999లో తెలుగుదేశం బీజేపీతో వెళ్లింది, సీటు తానే తీసుకుంది. 2004లో సీపీఎం కాంగ్రెస్ పొత్తులో గెలిచింది. అంటే ఓటు మనది, సీటు మాత్రం హైదరాబాద్‌లో పార్టీలు కూర్చుని పంచుకున్న వాటా. ఎవరు నిలబడాలో గూడెంలో కూర్చుని తేల్చుకున్న రోజు ఒక్కటీ లేదు. ఇది ఒప్పుకోకుండా పాత సీటు కోసం ఏడవడంలో అర్థం లేదు.

మరి పోయిందేంటి? 2008లో నియోజకవర్గాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కలు పట్టుకుని గీతలు మళ్లీ గీసింది. భద్రాచలం, పార్వతీపురం, ఈ రెండు ఎస్టీ సీట్లూ మాయమయ్యాయి. వాటి బదులు ఆదిలాబాద్, మహబూబాబాద్, అరకు ఎస్టీ సీట్లయ్యాయి. రెండు కాస్తా మూడయ్యాయి. ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీలో ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి. కాబట్టి "మన సీట్లు తీసేశారు" అని ఎవరైనా వాట్సాప్‌లో పెడితే నమ్మకండి. అంకె పెరిగింది. పోయింది వేరే.

పాత భద్రాచలం సీటు ఖమ్మం ఏజెన్సీ, తూర్పు గోదావరి ఏజెన్సీ, విశాఖ ఏజెన్సీలను ఒక తాడు మీద కట్టింది. గోదావరి, శబరి ఒడ్డున ఉన్న కోయలు, కొండల్లో ఉన్న కొండరెడ్లు, ఇంకా లోపలి తెగలు ఒకే ఎంపీని నిలదీయగలిగేవాళ్లు. కొత్త గీతలు ఆ తాడుని తెంచాయి. భద్రాచలం, పినపాక మహబూబాబాద్‌లోకి వెళ్లాయి. రంపచోడవరం, పాడేరు అరకులోకి వెళ్లాయి. ఆ అరకు సీటు ఎంత పొడుగో తెలుసా? ఒక కొస శబరి గోదావరిలో కలిసే కూనవరం, ఇంకో కొస పాలకొండ. మా ఊరి మనిషి పాలకొండ పేరైనా వినడు, పాలకొండ మనిషికి మా శబరి వరద తెలియదు.

ఆ తర్వాత 2014. ఇది మా కథ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆ ఏడాది ఏప్రిల్ 30న మా మండలంవాళ్లు ఖమ్మం జిల్లా ఓటర్లుగా భద్రాచలం ఎమ్మెల్యేకి, మహబూబాబాద్ ఎంపీకి ఓటేశారు. మే నెలాఖరులో ఒక ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం, పట్టణం మినహా భద్రాచలం మండలం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు ఆంధ్రలోకి వెళ్లాయి. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. మేం గెలిపించిన ఎమ్మెల్యే తెలంగాణ అసెంబ్లీలో, మా రేషన్ కార్డు ఆంధ్రలో! 2019 దాకా ఆంధ్ర అసెంబ్లీలో మేం ఓటేసి పంపిన మనిషి ఒక్కడూ లేడు. ఆ ఐదేళ్లే పోలవరం పునరావాసం లెక్కలు తేలాల్సిన ఏళ్లు.

ఆ ఎమ్మెల్యే సున్నం రాజయ్యగారు. భద్రాచలం నుంచి మూడుసార్లు గెలిచిన మనిషి. ఆయన సొంతూరు వీఆర్ పురం మండలం, అంటే ఆయన ఊరే రాష్ట్రం మారింది. 2019లో రంపచోడవరంలో నిలబడ్డారు, ఓడిపోయారు. 2020లో కరోనా ఆయన్ని తీసుకుపోయింది. గీత మారితే మనిషి ఎలా నేల లేనివాడు అవుతాడో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అదే నీళ్లు చింతూరుని, కూనవరాన్ని, వీఆర్ పురాన్ని ముంచాయి. ముంచిన నది ఒకటే. ఇటువైపు బాధితులకి ఒక ప్రభుత్వం, ఒక ఎంపీ, అటువైపు వాళ్లకి ఇంకో ప్రభుత్వం, ఇంకో ఎంపీ. కుక్కునూరు, వేలేరుపాడు ఇప్పుడు ఏలూరు సీటులో ఉన్నాయి. అది ఎస్టీ సీటు కూడా కాదు. ముంపు ఒకటే, అడగాల్సిన మనుషులు మాత్రం ముగ్గురు. ముగ్గురిలో ఎవరికీ ముంపు ఊళ్ల ఓట్లు గెలుపోటముల్ని తేల్చేంత లేవు. పోయింది ఇదే మిత్రులారా. అంకె పెరిగి బలం పలచబడింది.

ఇంకో సంగతి. 2006లో అటవీ హక్కుల చట్టం చేసిన లోక్‌సభలో భద్రాచలం ఎంపీ ఉన్నారు, పార్వతీపురం ఎంపీ ఉన్నారు. ఆ బిల్లుని పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడు పార్వతీపురం ఎంపీ కిశోర్ చంద్రదేవ్. మన పోడు పట్టాలకి ఆధారమైన చట్టం వచ్చిన మూడేళ్లలోపే ఆ రెండు సీట్లూ లేకుండా పోయాయి. కుట్ర అని నేను అనను. కానీ గీతలు గీసేటప్పుడు ఆ గదిలో మనం లేమన్నది మాత్రం నిజం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గీతలు మళ్లీ గీసే రోజు వస్తోంది కాబట్టి. లోక్‌సభ సీట్ల పునర్విభజనని 2026 తర్వాత జరిగే జనగణనతో రాజ్యాంగమే ముడిపెట్టింది. మన రాష్ట్రాల్లో ఆ లెక్కకి 2027 మార్చి 1ని కేంద్రం తేదీగా ప్రకటించింది. మహిళలకి మూడో వంతు సీట్లు ఇచ్చే 2023 సవరణ ఎస్టీ సీట్లకీ వర్తిస్తుంది, దాన్నీ పునర్విభజనకే కట్టారు.

క్రితంసారి పని ఎలా జరిగిందో తెలుసుకోండి. 2002 చట్టం ప్రకారం ఎస్టీ సీట్లు వీలైనంతవరకు ఎస్టీ జనాభా నిష్పత్తి ఎక్కువున్న చోట పెట్టాలి. భూమి తీరు, రాకపోకలు, జనం సౌకర్యం చూడాలి. కమిషన్ ముసాయిదాని గెజిట్‌లో వేసి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరపాలి. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టుకి వెళ్లి మార్పించుకునే దారి దాదాపు లేదు. అంటే మాట్లాడాల్సింది ముసాయిదా రోజుల్లోనే. అప్పుడు మన గూడేల నుంచి ఎంతమంది అభ్యంతరం రాశారు? మా మండలంలో పెద్దవాళ్లని అడిగాను. ముసాయిదా అన్న మాటే వినలేదన్నారు. కొత్త ఎంపీ సీటు పేరు వాళ్లకి తెలిసింది 2009లో, ఓటరు స్లిప్ చేతికి వచ్చాక.

ఈసారి మనం చదువుకున్నాం. కాబట్టి చేయాల్సినవి మూడు. ఒకటి, జనగణన వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా సరే, ఊళ్లో మనవాళ్లందరి లెక్క, తెగ పేరుతో సహా సరిగ్గా రాయించండి. రెండు, గ్రామసభ తీర్మానం రాసి పెట్టండి: మన గూడెం ఏ గూడేలతో కలిసి ఉండాలి, ఎందుకు, ఏ సంతకి వెళ్తాం, ఏ ఆసుపత్రికి వెళ్తాం, ఏ వాగు మనల్ని ముంచుతుంది. మూడు, ముసాయిదా రాగానే ఆ తీర్మానాలు పట్టుకుని విచారణకి వెళ్లండి, ఒక్కరు కాదు, బస్సులు కట్టుకుని. రాష్ట్రాల హద్దుని మనం మార్చలేకపోవచ్చు. హద్దుకి ఇటూ అటూ ఉన్న మన ఊళ్లు ఎవరితో కలవాలో చెప్పే హక్కు మాత్రం మనకుంది.

ఆ రాత్రి రైల్లో నా ఫ్రెండ్ నవ్వుతూ అడిగాడు, "మా ఎంపీ మంచోడా, మీ ఎంపీ మంచోడా?" అని. మన ఎంపీ అనడానికి మా ఇద్దరికీ ఒక్కరు లేరు. వచ్చేసారి ఆ రైలెక్కే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ప్రశ్న ఇలా అడగాల్సిన పని ఉండకూడదు.

జై ఆదివాసీ!