రక్తంలో హార్మోనుల ప్రయాణం: పరీక్షలో అడగని ప్రశ్న

ఏ గ్రంథి ఏ హార్మోనును స్రవిస్తుందని అడిగితే మన విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. క్లోమం నుండి ఇన్సులిన్, అవటు గ్రంథి నుండి థైరాక్సిన్, అధివృక్క గ్రంథుల నుండి కార్టిసోల్, అడ్రినలిన్ అనే పట్టిక అందరికీ కంఠస్థమే. గ్రంథిని విడిచిన హార్మోను తన గమ్యానికి ఎలా చేరుతుందని అడిగితే మాత్రం "రక్తం ద్వారా" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ఒక్క మాట చాలదని నా అభిప్రాయం.

హార్మోను అన్న భావనే ప్రయాణం నుండి పుట్టింది. చిన్నపేగులో పుట్టిన ఒక రసాయనం నాడుల సహాయం లేకుండానే రక్తం వెంట పోయి క్లోమాన్ని ప్రేరేపిస్తుందని 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1905లో స్టార్లింగ్ ఇటువంటి పదార్థాలకు హార్మోనులని పేరు పెట్టాడు. దానికి మూలమైన గ్రీకు ధాతువుకు ప్రేరేపించడమని అర్థం.

రక్తరసంలో అధికభాగం నీరే. ఇన్సులిన్, గ్లూకగాన్, అడ్రినలిన్ వంటివి నీటిలో కరుగుతాయి కనుక వాటికి ప్రత్యేక వాహకం అక్కరలేదు. అవి త్వరగా చేరతాయి, త్వరగానే నశిస్తాయి. రక్తంలో చేరిన ఇన్సులిన్‌లో సగం అయిదారు నిమిషాలలోనే తొలగిపోతుంది.

కార్టిసోల్ వంటి స్టెరాయిడ్లు, థైరాక్సిన్ నీటిలో సులభంగా కరగవు. కాలేయం తయారుచేసే కొన్ని మాంసకృత్తులు వీటికి వాహనాలు. కార్టిసోల్‌ను ప్రధానంగా ట్రాన్స్‌కార్టిన్, థైరాక్సిన్‌ను దానికై ఏర్పడిన గ్లోబ్యులిన్ మోస్తాయి. ఆల్బుమిన్ అనేకానికి ఉమ్మడి వాహనం. రక్తంలోని ప్రతి 10,000 థైరాక్సిన్ అణువులలో విడిగా ఉండేవి సుమారు మూడే! కణాలలో ప్రవేశించి పని చేసేవి అవే. తక్కినవి గాదెలోని ధాన్యం వంటివి. వండిన అన్నమే నేటి ఆకలి తీరుస్తుంది, గాదె రేపటికి భరోసా. ఈ నిల్వ వల్లనే థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు వారం రోజులు పడుతుంది.

అడ్రినలిన్, థైరాక్సిన్ రెండూ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుండి పుట్టినవే. ఒకటి నిమిషాలలో ముగుస్తుంది, మరొకటి రోజుల తరబడి నిలుస్తుంది. పుట్టుక ఒకటైనా ప్రయాణం వేరైతే ఫలితం వేరవుతుంది. పట్టికను వల్లించిన వానికి ఈ రహస్యం అందదు.

ఇదంతా పుస్తకాలకే పరిమితమైన విషయం కాదు. గర్భిణి శరీరంలో ఈస్ట్రోజన్ ప్రభావం వల్ల థైరాక్సిన్‌ను మోసే గ్లోబ్యులిన్ పెరుగుతుంది. దానితో మొత్తం థైరాక్సిన్ దాదాపు ఒకటిన్నర రెట్లు కావచ్చు. పనిచేసే విడి భాగం సాధారణంగా ఆ మేరకు పెరగదు. ఇది తెలియని కుటుంబం రక్తపరీక్ష కాగితంలోని పెద్ద అంకెను చూసి లేని రోగాన్ని ఊహించి కలవరపడుతుంది. ఆ కాగితంలో "టోటల్", "ఫ్రీ" అని రెండు మాటలుంటాయి. ఇక్కడ "ఫ్రీ" అంటే ఉచితం కాదు, వాహనం నుండి విడివడినదని అర్థం. తెలుగు బోధించేవాడిగా నేను వీటిని బద్ధం, ముక్తం అంటాను. మాట అర్థమైతే సగం భయం తీరుతుంది. మిగిలిన సగం తీర్చడానికి వైద్యుడున్నాడు.

పాఠ్యప్రణాళిక భారంగా ఉంది, కారణాలు వివరించడానికి వ్యవధి ఎక్కడిదని అధ్యాపక మిత్రులు అడగవచ్చు. వారి ఇబ్బంది నిజమే. అయినా నాలుగు పేర్లు తగ్గినా ఫరవాలేదు, ఒక్క కారణం మిగలాలి. పేర్లు పరీక్ష ముగిసిన మర్నాడే మరుపున పడతాయి. కారణం ఇంటిదాకా వెంట వచ్చి, తల్లికో సోదరికో అవసరమైన వేళ అక్కరకు వస్తుంది.

కనుక కళాశాల పాలకవర్గానికి నా విన్నపం ఒక్కటే. మనం స్వయంగా నిర్వహించుకునే పరీక్షలలోనైనా "పేర్కొనుము" అన్న ప్రశ్న పక్కన "ఎందుకు?" అన్న ప్రశ్న ఒకటి చేర్చండి. విద్యార్థులారా, ఆ ప్రశ్న వచ్చేదాకా వేచి ఉండకండి. రేపటి తరగతిలో మీరే అడగండి.