బాలురును క్షేత్రవిజ్ఞానమును

చెరువుగట్టున నిలిచి నేర్వదగిన ప్రకృతిశాస్త్రమును మన బాలబాలికలు నాలుగు గోడల నడుమ వల్లెవేయుచున్నారు. ఇది యేటి చదువు?

2008వ సంవత్సరమున అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు మువ్వురు ఐనేచురలిస్ట్ అను సాధనమును కల్పించిరి. బాలుడు తాను చూచిన పురుగునో పువ్వునో ఫోనుతో ఫోటో తీసి, స్థలమును తేదీని జోడించి పంపును. తెలిసినవారు దాని జాతిని చెప్పుదురు, కానియెడల వాదింతురు. మూడింట రెండు వంతులకు మించి ఏకీభవించిననే అది పరిశోధనకు యోగ్యమగును. మా న్యాయస్థానములలో సాక్ష్యమునకు ఇంతటి పరీక్ష జరిగిన నెంత బాగుండును! నశించుచున్న జాతుల యునికిని మరుగుపరచు కట్టడియు అందు కలదు.

అయినను యంత్రమొక్కటియే చాలదు. 1900 తరువాత కానరాక అంతరించెనని తలపబడిన కలివికోడి 1986లో కడపజిల్లాలో మరల దొరికెను. వెదకినవారు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు. ప్రాణముతో పట్టి చూపినవాడు పిట్టలుపట్టు పల్లెటూరివాడొకడు. అట్టివారి యెరుక ఏ పాఠ్యపుస్తకమున నున్నది?

కావున పాఠశాలలవారు వారమునకొక పూట పిల్లలను వెలుపలికి గొనిపోయి, గొర్రెలకాపరిని, జాలరిని అడిగించి, తెలుగు పేళ్లతో చిట్టా వ్రాయింపవలెను. తరగతికొక ఫోను చాలును. పదుమూడేండ్లు నిండనివారి పక్షమున ఉపాధ్యాయుడే పంపవచ్చును. దీనికి మార్కులెన్ని యని తలిదండ్రులు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది విద్యాశాఖవారు.