శుక్రవారం ఎవరొస్తారు?

విజయవాడలో మా వీధికి పేపరు వేసే కుర్రాడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పటి సంగతి ఇది. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. తెల్లవారుజామున వాడి సైకిల్ బెల్లు వినపడితేనే మా ఆవిడ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేది.

వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. చాలా ఏళ్లుగా షుగరు. డబ్బులుంటే మందులు వేసుకునేవాడు, లేకపోతే మానేసేవాడు. చివరికి కాళ్లు వాచి, ఆయాసంతో పెద్దాసుపత్రికి వెళ్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషను మీదే నాలుగ్గంటలు. రానూపోనూ కలుపుకుంటే పూటంతా అక్కడే. వైద్యం ప్రభుత్వ పథకంలో ఉచితమే. డయాలసిస్ రోగులకిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనూ కొన్నాళ్లకు వచ్చింది. ఈలోపే ఆటోను ఫైనాన్సువాళ్లు పట్టుకుపోయారు. తల్లి నాలుగిళ్లలో వంట చేస్తుంది. వారానికి మూడు పూటలు మానేస్తే ఏ ఇల్లు ఉంచుకుంటుంది? అందుకే తండ్రి వెంట కొడుకే వెళ్లేవాడు.

సోమ, బుధ, శుక్రవారాలు పేపర్లు వేసేసి, ఏడింటి షిఫ్టుకు తండ్రిని తీసుకెళ్లేవాడు. డయాలసిస్ అయ్యాక ఆయనకు బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి, ఒంటరిగా పంపడానికి లేదు. రోజుకు తాగాల్సిన నీళ్లు సీసాలో కొలిచి పెట్టేదీ వాడే. కొబ్బరినీళ్లు, అరటిపళ్లు పట్టుకొచ్చిన చుట్టాలకు అవెందుకు పనికిరావో చెప్పేదీ, చెల్లెలి స్కూలు ఫీజుకు గడువు అడిగేదీ వాడే.

"కొడుకంటే నీలా ఉండాలిరా" అని వీధంతా మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను. మా మనవడికి వాణ్ని చూపించి నీతులు కూడా చెప్పాను.

ఫిబ్రవరిలో ఒకరోజు పేపరు బిల్లుకొచ్చాడు. "బంగారంరా నువ్వు" అన్నాను అలవాటుగా. వాడు చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండానే అడిగాడు: "శుక్రవారం నాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ అంకుల్. నాన్న దగ్గర ఎవరైనా కూర్చుంటారా?"

ఏడాదిగా మెచ్చుకుంటున్నానే గానీ, ఆ మాట నా అంతట నేను ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. కాలేజీలో కూడా చెప్పలేదట. ప్రతిసారీ జ్వరమని సెలవుచీటీ రాసేవాడట. "జాలిపడతారని" అన్నాడు.

శుక్రవారం నేనే వెళ్లాను. ఆయనకు చలేస్తే దుప్పటి కప్పాను. అంతకుమించి చేసిందేమీ లేదు. మాటల్లో ఆయన అన్నాడు: "దాహమేస్తే ఇంకో గుక్క ఇస్తాడేమోనని వాడి మొహం చూస్తానండీ. వాడికి నేను పెట్టాల్సింది పోయి..." అని కళ్లు మూసుకున్నాడు.

ఆ సాయంత్రమే వీధిలో ఇద్దరితో మాట్లాడాను. బ్యాంకులో రిటైరైన ఆయన సోమవారం, కిరాణాకొట్టాయన తమ్ముడు బుధవారం, శుక్రవారం నేను. పరీక్షలయ్యే దాకానే అనుకున్నాం గానీ ఇప్పటికీ నడుస్తోంది. వాణ్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్తే, ప్రిన్సిపాల్ "ముందే చెప్పొచ్చు కదయ్యా" అని, పోయిన పాఠాల నోట్సు ఇప్పించారు. వాడికేమీ ర్యాంకులు రాలేదు. ఫిజిక్స్ పోతే సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు డిగ్రీలో చేరాడు.

ఇలాంటి పిల్లలు మీ వీధిలోనూ ఉండే ఉంటారు. వాళ్లు నోరు తెరిచి అడగరు. ఇంటి బరువు మోస్తున్నవాళ్లు కదా, అడగడం చిన్నతనమనుకుంటారు. మనమేమో "అవసరమైతే చెప్పు బాబూ" అనేసి లోపలికి వెళ్లిపోతాం. అలా అంటే ఎవరూ చెప్పరు. "మంగళవారం నేనొస్తాను, నువ్వు కాలేజీకి వెళ్లు" అని చెప్పి చూడండి.