తగ్గించుకున్నాక సరిచూసుకోవాలి



కారు కొన్న కుర్రాళ్ళలో ఈమధ్య ఒక ముచ్చట కనిపిస్తోంది. స్ప్రింగులు మార్పించో, ఉన్న స్ప్రింగులనే కోయించో బండిని నేలకు దగ్గరగా దించుతున్నారు. లోయరింగ్ అంటారు. గౌతమి వంతెన మీద రావులపాలెం వైపు వెళ్తుంటే రేసు కారులా కనబడుతుందని సంతోషం. తమ్ముళ్ళూ, సరదాను తప్పుపట్టడం లేదు గాని, నా అభిప్రాయం మాత్రం సూటిగా చెబుతాను: మన రోడ్లకు అది వద్దు. ఇప్పటికే చేయించి ఉంటే, వీల్ అలైన్‌మెంట్ చూపించకుండా ఆ బండిలో ఇంట్లోవాళ్ళను ఎక్కించుకోవద్దు.

వద్దని ఎందుకంటున్నానంటే, హైవే దిగితే మనవి కాలువ గట్టు రోడ్లు. ఊరికో నాలుగు స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం గోతులు. దించిన బండి అడుగు వీటికి తగలక మానదు. పైగా చట్టం కూడా ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ మీద ఇచ్చిన తీర్పులో ఆ మాటే ఖాయం చేసింది.

అసలు ఎత్తు తగ్గిస్తే ఏమవుతుంది? చక్రాన్ని కింద ఆర్మ్, పైన స్ప్రింగుతో కూడిన స్ట్రట్, పక్కన స్టీరింగు నుంచి వచ్చే టై రాడ్ పట్టుకుని ఉంటాయి. కంపెనీవాళ్ళు ఒక ఎత్తును లెక్కలో పెట్టుకుని వీటి కోణాలన్నీ నిర్ణయించారు. మనం ఎత్తు ఒక్కటే మార్చామనుకుంటాం. కాని ఎత్తు మారగానే ఆర్మ్ వాలు మారుతుంది, టై రాడ్ వాలూ మారుతుంది. ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం సాధారణంగా లోపలికి ఒరుగుతుంది. ఆ ఒరుగును క్యాంబర్ అంటారు. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరుగుతాయి. అది టో. చక్రం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరుకు సుమారు 17 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. ముప్పై కిలోమీటర్లు వెళ్తే అర కిలోమీటరు ఈడ్పు. ఇక టైరు ఎంతకాలం ఆగుతుంది?

ఆ అరుగుదల పైకి కనబడదు. ఎక్కువగా టైరు లోపలి అంచు అరుగుతుంది. బయట నిలబడి చూసేవాడికి టైరు కొత్తదానిలాగే ఉంటుంది. లోపల తీగలు తేలే దాకా వచ్చినా తెలియదు. తెలిసేది వానలో బ్రేకు వేసిన రోజు, లేదా వేగంలో టైరు పేలిన రోజు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బండి ఆపి, లోపలి అంచును చేత్తో తడిమి చూడండి.

చాలామంది ఇంకో పొరపాటు పడతారు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించి, అలైన్‌మెంట్ అయిపోయిందనుకుంటారు. బ్యాలెన్సింగ్ చక్రం అదురును తీస్తుంది. అలైన్‌మెంట్ చక్రం దిక్కును సరిచేస్తుంది. అదురు లేకుండా మెత్తగా వెళ్తున్న బండి కూడా వంకరగా నడుస్తూ ఉండవచ్చు. ఆరాధనలో మనసు తేలికపడిందంటే నడక సరైందని అర్థం కాదు కదా!

ఇక్కడ మన తెలుగు మాట ఒకటి ఆలోచించండి. బండిని తగ్గించడం, మనల్ని మనం తగ్గించుకోవడం. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్న సంగతి చదువుతాం. మనమూ ఆయన పాదాల దగ్గర తగ్గించుకున్నాం, బాప్తిస్మం తీసుకున్నాం. మంచిదే. అయితే అక్కడితో పని అయిపోలేదు. ఒకచోట తగ్గాక మిగతా కోణాలన్నీ సరిచూసుకోవాలి.

గలతీ పత్రిక రెండో అధ్యాయంలో అలాంటి సంఘటనే ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. అతన్ని చూసి బర్నబా కూడా తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. అక్కడ వారి నడక గురించి పౌలు వాడిన గ్రీకు మాటకు మూలార్థం నిటారు పాదాలతో నడవడం. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఆ ఒక్కచోటే వస్తుంది. పేతురు బోధ మారలేదు, ప్రార్థన మానలేదు. భోజనపు బల్ల దగ్గర నడక వంకరైంది. పౌలు దాన్ని చిన్న విషయమనుకోలేదు. సువార్త సత్యానికే సంబంధించిన సంగతిగా చూశాడు.

మన కోనసీమలో ఈ మాట ఎక్కడ తగులుతుందో మీకు తెలుసు. ఆదివారం ఒకే చాప మీద కూర్చుంటాం, ఒకే పాత్రలోని బల్లలో పాలుపొందుతాం. పెళ్ళి భోజనాల దగ్గర మాత్రం మనవాళ్ళ బంతి, వాళ్ళ బంతి. సంబంధం చూసేటప్పుడు విశ్వాసం రెండో ప్రశ్న అవుతుంది. మొదటి ప్రశ్న ఏమిటో నేను రాయనక్కర్లేదు. బయటి అంచు మెరుస్తోంది, లోపలి అంచు అరుగుతోంది.

షెడ్డులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. చాలా కార్లలో ముందు చక్రాలకు టో ఒక్కటే తేలిగ్గా తిప్పి సరిచేయగలరు. క్యాంబర్ సరికావాలంటే వేరే బోల్టులు వేయాలి, లేదా పాత స్ప్రింగులే తిరిగి బిగించి బండిని మొదటి ఎత్తుకు తేవాలి. అది ఖర్చు, శ్రమ. అందుకే టో సెట్ చేయించుకుని వచ్చేస్తాం. మన జీవితంలో తేలిగ్గా తిరిగే నట్లు ఉన్నాయి: ఆదివారపు హాజరు, కానుక, తెల్లబట్టలు. వాటిని సరిచేసుకుని, తిరగని నట్టు జోలికి వెళ్ళం. కులం, పంతం, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా... పాత స్ప్రింగులు వెతికి తేవాల్సింది అక్కడే.

దేనికి సరిపోల్చాలన్నది ముఖ్యం. అలైన్‌మెంట్ మిషను పక్క బండిని చూసి కొలవదు, కంపెనీ ఇచ్చిన అంకెలతో పోలుస్తుంది. ఆమోసు ఏడో అధ్యాయంలో దేవుడు తన ప్రజల మధ్య మట్టపు గుండు పట్టుకున్నది అందుకే. పక్క సంఘం మనకంటే వంకరగా ఉంటే మనం తిన్నగా ఉన్నట్టు కాదు.

ఒక్కసారి చూపించి ఊరుకోకూడదు కూడా. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకాస్త కూర్చుంటాయి, మళ్ళీ కొలిపించాలి. కొత్తగా మారుమనస్సు పొందినవారిని కూడా సంఘం ఇలాగే దగ్గరుండి చూసుకోవాలి.

కారున్నవాళ్ళు ఈ వారమే టైర్ల లోపలి అంచు చూడండి. పెళ్ళిళ్ళు పెట్టుకున్న కుటుంబాలు ఒకే పందిరి, ఒకే బంతి వేయండి. మొదటి విస్తరి ఎవరిదైనా, పక్క విస్తరిలో పౌలు చూసి సంతోషించేవాడు కూర్చోవాలి.

ప్రభువు మన పాదాలను తిన్నని మార్గంలో నడిపించును గాక. ఆమేన్.