అరచేతి కంప్యూటరుకు అద్దె వ్యవస్థ ఎందుకు?

చిట్యాల వంటి మండల కేంద్రంలో ఒక బడికో గ్రంథాలయానికో రాస్ప్‌బెర్రీ పై బోర్డు కొనిపెడదామని ఎవరైనా ముందుకు వస్తే, మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న "అందులో విండోస్ వస్తుందా?" అని. రాదనగానే సగం ఉత్సాహం చల్లారిపోతుంది. ఆ ప్రశ్ననే నేను ప్రశ్నించదలచుకున్నాను.

ముందు వాస్తవం చూద్దాం. 2015లో మైక్రోసాఫ్ట్ వారు రాస్ప్‌బెర్రీ పై 2 కోసం విండోస్ 10 ఐఓటీ కోర్ విడుదల చేశారు. పేరు చూసి మురిసినవారికి దక్కినదేమిటి? మనమెరిగిన డెస్క్‌టాప్ లేదు. తెరమీద ఒకసారికి ఒకే అప్లికేషను. 2019లో పై 4 వచ్చింది. దానికి ఆపాటి విండోసు కూడా రాలేదు. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా యజమాని దయ కావాలి మరి!

ఇక రెండవ వర్గం వారు: "ఆండ్రాయిడ్ వేద్దాం, పిల్లలకు అలవాటే కదా" అంటారు. అలవాటైనదే మళ్ళీ చూపించడానికి కొత్త యంత్రమెందుకు? ఫోను చూడడం నేర్పుతుంది. ఈ బోర్డు అంచున ఉన్న నలభై పిన్నులు చేయడం నేర్పుతాయి. మిరపతోటలో మట్టి తడిగా ఉన్నదో ఆరినదో చెప్పే సెన్సరును ఆ పిన్నులకు కలిపి, పైథాన్‌లో పది పంక్తులు రాయగలిగిన పిల్లవాడు కంప్యూటరును చూసి ఇక జంకడు.

మూడవ వర్గం వారిది చవకబేరం. ఇతర సంస్థల బోర్డులు తక్కువ ధరకు దొరికే మాట నిజమే. కాని వాటిలో చాలావాటికి తయారీదారు ఒక పాత కెర్నెల్‌తో ఒక ఇమేజి ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. ఆర్మ్‌బియన్ స్వచ్ఛంద సేవకులు ఆదుకున్నవి బ్రతుకుతాయి, తక్కినవి అటకెక్కుతాయి. కనుక ధర చూసి కాదు, వ్యవస్థకు దిక్కెవరో చూసి బోర్డు కొనండి.

నా ఎంపిక రాస్ప్‌బెర్రీ పై ఓఎస్. 2020 వరకు దీని పేరు రాస్ప్‌బియన్. 1993లో మొదలై ప్రపంచమంతటి స్వచ్ఛంద సేవకులు పోషిస్తున్న డెబియన్ దీనికి పునాది. పల్లెకు పనికివచ్చే గుణం మరొకటి ఉంది. కరెంటు చెప్పకుండా పోయే చోట, రాస్తుండగా ఆగిపోయిన మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదముంది. ఇందులో ఓవర్‌లే అమరికను ఎంచుకుంటే వ్యవస్థ కార్డుపై రాతలు మాని మెమరీలోనే రాసుకుంటుంది. అయితే మనం దాచుకోదలచినవి వేరే పెన్‌డ్రైవులో పెట్టుకోవాలి.

తెలుగు సంగతో? అక్షరాల స్థానంలో డబ్బాలు కనబడితే బెదరనక్కరలేదు. డెబియన్ భాండాగారంలో లోహిత్ తెలుగు ఖతి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికా ఉంది. కివిక్స్‌తో తెలుగు వికీపీడియాను కార్డులోకి ఎక్కించుకుంటే అంతర్జాలం లేకున్నా చదువుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతో లినక్స్‌ను, పిల్లలకోసం బాలస్వేచ్ఛను ఏనాడో తెచ్చింది. తెరమీద తెలుగు సాధ్యమా అన్న సందేహానికి ఇక తావెక్కడ?

చివరి అస్త్రం ఒకటుంటుంది: "ఉద్యోగాలకు విండోసే కావాలి కదా!" అయ్యా, మీ జేబులోని ఆండ్రాయిడ్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీదనే. అంతర్జాలంలోని సర్వర్లలో అత్యధికం లినక్స్‌వే. పొరుగున కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే పాఠాలు చెబుతున్నాయి. ఆ పిల్లలెవరూ వెనుకబడిపోలేదే!

పట్నపు పిల్లవాడికి ఇంట్లో మరో కంప్యూటరు ఉంటుంది; ఒకటి పాడైతే ఇంకొకటి. పల్లె బడికి దొరికేది ఒక్కటే కావచ్చు. ఆ ఒక్కదానినీ విప్పి చూసే హక్కు, మార్చే హక్కు, పక్క ఊరికి నకలు తీసి ఇచ్చే హక్కు లేకుండా చేయడం దానమనిపించుకోదు. బోర్డు కొనే దాతలారా, కార్డులో ఏమి ఎక్కిస్తున్నారో కూడా ఆలోచించండి!