నోటీసు తీర్పు కాదు, అప్పీలు రాయండి

పూడిమడకలో గది అద్దెకు తీసుకుని అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టుకి పోతున్న తమ్ముడూ, చెల్లీ! కొండమీది ఇంటి నుంచి ఫోనొస్తుంది: "మీ నాన్న పింఛను ఆపేస్తారంట, ఏదో కాయితం ఇచ్చారు." పండక్కి వచ్చినప్పుడు చూద్దాం అనకండి. ఆ కాయితానికి గడువుంటుంది.

2024లో ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలయింది. 2025లో ప్రభుత్వం మళ్లీ వైద్య పరీక్షలు చేయించి, వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేల్చినవాళ్లకి ఆగస్టులో నోటీసులిచ్చింది. పూడిమడక మత్స్యకారుల ఇంటికైనా, రావికమతం, రోలుగుంట కొండల్లో మన ఇంటికైనా కొలత ఒకటే. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యమనండి, మనం అడ్డు చెప్పం. మరి ఆ జల్లెడలో నిజంగా నడవలేనివాళ్లు కూడా రాలిపోతే?

అందుకే అప్పీలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్, సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకునే హక్కు ఇచ్చింది. పింఛను నోటీసు మీద అర్జీ ఊళ్లలో అయితే ఎంపీడీవోకి ఇవ్వాలి. నోటీసు, ఆధార్, పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు జతచేయండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా కదలకండి.

అర్జీలో "బీదవాళ్లం, దయ చూపండి" అని రాయకండి. అక్కడ కొలిచేది పేదరికం కాదు, శరీరం. ఏ కాలు ఎంత వంగదు, ఏ చెయ్యి ఏ పనికి లేవదు, ఏ పరీక్ష చెయ్యకుండానే శాతం వేశారు, అది రాయండి. సికిల్ సెల్ ఉంటే అదీ రాయండి. 2016 చట్టం గుర్తించిన 21 రకాల్లో అదొకటి. డోలీ కట్టి మోస్తే గానీ రోడ్డెక్కలేని మనిషైతే, మళ్లీ చేసే పరీక్ష దగ్గర్లోనే పెట్టమని అదే అర్జీలో అడగండి. లేకపోతే రేపు "హాజరు కాలేదు" అని రాసేస్తారు.

ఖర్చుకి భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకీ, వికలాంగులకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. మండల, జిల్లా న్యాయసేవాధికార సంస్థల్ని అడగండి.

నాన్న వేలిముద్ర వేస్తాడు. ఆ వేలిముద్ర పైన ఏం రాసుందో చదవగలిగింది ఇంట్లో మీరొక్కరే. ఈ రాత్రే ఫోన్ చేసి, నోటీసు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. ముందు గడువు తేదీ చూడండి.